కాపరికి నాలుగు చేతులు

కాపరి రెండు ఫోటోల్లోనూ ఉండాలని సంఘం తీర్మానించింది. ప్రార్థన చేసి, అందరి చేతా చేతులెత్తించి మరీ చేసిన తీర్మానం.

పుంగనూరులో మా పాత మందిరాన్ని కూల్చబోయే ముందు మాట ఇది. తొంభైల నడిమి కాలం. ప్రసంగ వేదిక వెనక గోడ నిండా ఒక బొమ్మ ఉండేది, ప్రభువు గొర్రెల కాపరిగా మంద నడుమ నిలబడ్డట్టు. గోడ ఎటూ నిలవదు కాబట్టి దాన్ని ఫోటో తీయించి దాచుకోవాలని పెద్దలు అనుకున్నారు. సంఘంలో కెమెరా పట్టేవాణ్ణి నేనొక్కణ్ణే. మదనపల్లెలో చిన్న స్టూడియో నడుపుకుంటూ, ఆదివారం ఆరాధనకు పుంగనూరు వచ్చేవాణ్ణి. పని నాకే అప్పగించారు.

గోడ వెడల్పు, మందిరం ఇరుకు. వెనక్కి జరిగితే రాతి స్తంభాలు అడ్డం వచ్చేవి. ముందుకొస్తే బొమ్మ ఒక్క ఫోటోలో పట్టేది కాదు. రెండు ముక్కలుగా తీస్తానని చెప్పాను. అప్పుడు సంఘ పెద్ద లేచి నిలబడ్డాడు. బడిపంతులుగా పనిచేసి రిటైరైనవాడు, వాక్యం కంఠతా వచ్చినవాడు. బొమ్మకు నట్టనడుమ నిలబడ్డ కాపరిని ఏ ముక్కలో పెడతావని అడిగాడు. ఏదో ఒక దాంట్లో వస్తాడులే అన్నాను.

"అట్టయితే రెండోదాంట్లో ఉండే గొర్రెలకి కాపరి ల్యాడన్న మాట. కాపరి లేని మంద ఏమవుతాదో మనం సదువుకోల్యా తమ్ముడూ?"

ఆ మాటకు అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను. ఆమేన్ అన్నాను, మనస్ఫూర్తిగానే అన్నాను. పని తెలిసిన ఫోటోగ్రాఫరు ఎవడైనా రెండు ముక్కలూ కలిసే చోటు ఖాళీ ఆకాశం మీదో, ఉత్త బండ మీదో పడేట్టు చూసుకుంటాడు. మేము భక్తితో దాన్ని సరిగ్గా కాపరి మీదికి తెచ్చి పెట్టుకున్నాం.

ఆ బొమ్మ వేసినాయన సినిమా హాళ్ళకు బోర్డులు రాసిన మనిషి. ప్రభువును తెలుసుకున్నాక ఆ పని మాని, గోడలకు సున్నం కొట్టుకుంటూ బతికాడు. మందిరం గోడ మాత్రం అడిగి మరీ తీసుకుని వేశాడట. నేను ఆ సంఘంలోకి వచ్చేనాటికి ఆయన లేడు, బొమ్మ ఉంది. దాంట్లోని కొండలు మా పక్క కొండలే, బండ మీద బండ పేర్చినట్టుండేవి. గొర్రెలు కూడా మావే, సన్న కాళ్ళు, వేలాడే చెవులు, ఎర్రమన్ను రంగు. కాపరి బైరెడ్డిపల్లె పక్క గొర్లు కాసేవాళ్ళ మాదిరి కంబళి మడిచి తల మీదికి కప్పుకుని ఉండేవాడు. ఒక చేతిలో కర్ర. రెండో చెయ్యి ఒక గొర్రెపిల్ల వీపు మీద.

ఆ రెండో చెయ్యి ఆ బొమ్మ వేసినాయనదే. అది సంఘంలో అందరికీ తెలిసిన సంగతి. ఎదురుగా పెట్టుకుని చూసేందుకు ఆయనకు ఇంకో మనిషి దొరక్క, తన ఎడమ చేతిని చూసుకుంటూ కుడిచేత్తో వేశాడు. బొటనవేలి గోరు చిట్లి ఉండేది, అదీ వేశాడు. ఉబ్బిన నరాలు వేశాడు. ఆయన ఫోటో అంటూ ఒక్కటీ లేదు. పెళ్ళినాటిది కూడా లేదు. ఆయన భార్య, నేను పెద్దమ్మా అని పిలిచే ఆమె, రోజూ మందిరం ఊడ్చి, సాయంత్రం దీపం పెట్టి, పోయే ముందు ఆ చెయ్యి వైపు ఒకసారి చూసి పోయేది. మొక్కేది కాదు. ఆ తేడా ఆమెకు బాగా తెలుసు. చూసేదంతే.

నాకు బొమ్మలంటే పడేది కాదని ఇక్కడే చెప్పేయాలి. ఆరాధన స్థలంలో ప్రతిమ ఉండకూడదన్న ఆజ్ఞను నేను అక్షరాలా తీసుకున్నవాణ్ణి, ఇప్పటికీ అంతే. కొత్త మందిరం గోడ తెల్లగా ఉండాలని సంఘంలో మాట్లాడినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. సంఘ పెద్దదీ అదే మాట. పెద్దమ్మ గోడ పడిపోయిన రోజు వచ్చి, పెళ్ళల్లో కాసేపు వెతికి, చెయ్యి ఉన్న పెళ్ళ దొరక్క వెళ్ళిపోయింది. ఆ తర్వాత కుప్పంలో ఉన్న కూతురింటికి చేరింది.

కొత్త మందిరం పక్క స్థలంలో కట్టేందుకు మాకు చాలా కాలం పట్టింది. గోడలు లేచి, పైకప్పు పడి, సున్నం కొట్టే వేళకు పెద్దమ్మ కుప్పం నుంచి వచ్చింది. సంఘం ఎదుట నిలబడి ఒక్క మాటే అడిగింది. ఆ బొమ్మను మళ్ళీ గోడ మీద వేయించమని. ఆమె అంతకు ముందు సంఘాన్ని ఏదీ అడిగి ఎరుగదు. అందుకని ఎవరికీ కాదనడానికి నోరు రాలేదు. పాస్టరుగారు ఆలోచించి ఒక దారి చెప్పారు. ప్రతిష్ఠ ఆరాధన నాటికి నేను ఆ ఫోటోలను వెలుగుతో గోడ మీద చూపించాలి. బొమ్మ అతుకు కనబడకుండా, ఒకప్పుడు ఉన్నట్టే ఉంటే, పలమనేరు నుంచి బోర్డులు రాసే మనిషిని పిలిపించి ఆ వెలుగు మీదే గీతలు గీయించి రంగు వేయిస్తారు. ముక్కలుగా, వికారంగా కనబడితే గోడ తెల్లగానే ఉంటుంది. పెద్దమ్మ సరేనంది. తెల్లగోడ కోరిన నేను బొమ్మ నిలబెట్టే పనికి పూనుకున్నాను. సంఘం అప్పగించిన పనిలో నా ఇష్టం, అయిష్టం అని ఉండవు.

ఆ ఫోటోలు స్లైడులే, వెలుగు దూరి పోయే చిన్న రంగు ఫిల్ము ముక్కలు. వాటిని గోడ మీద పెద్దగా చూపే స్లైడు ప్రొజెక్టరు నా దగ్గర ఒకటి ఉండేది. తన దేశానికి తిరిగి వెళ్ళిపోతూ ఒక డాక్టరమ్మ ఇచ్చి పోయింది. దాన్ని కలికిరి, కలకడ పక్క పల్లెల్లో సువార్త సభలకు తీసుకెళ్ళి, తెల్లపంచె తెరలా కట్టి బొమ్మలు చూపించేవాణ్ణి. రెండు ముక్కలను ఒకేసారి చూపించాలంటే అలాంటిదే రెండోది కావాలి. కుప్పంలో ఒక బడిలో ఉందని తెలిసింది. పెద్దమ్మ కూతురు ఆ బడిలోనే పనిచేసేది, ఆమె మాట మీద ఇచ్చారు. తెచ్చేందుకు నేను వెళ్ళాను. పెద్దమ్మా నాతో బయల్దేరింది.

వి.కోట రోడ్డు అప్పట్లో ఎలా ఉండేదో తెలిసినవాళ్ళకు తెలుసు. తిరిగి వచ్చేటప్పుడు ప్రొజెక్టరును బస్సులో కింద పెడితే లెన్సు బతకదు. పెద్దమ్మ దాన్ని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, పైన కొంగు కప్పింది. కండక్టరు వచ్చి చూశాడు.

"ఏందమ్మా అంత భద్రంగా పట్టుకోనుండావు, మనవడా? అర టిక్కెట్టు కొట్టాల్నా?"

"మనవడయితే ఈ గుంతల్లో ఏడ్సడా అప్పా. ఇది బుద్ధిమంతురాలు."

బస్సులో నవ్వారు. బైరెడ్డిపల్లె దాటాక ఆమె నన్ను మెల్లగా అడిగింది, చెయ్యి బాగా కనిపిస్తాదా అని. కనిపిస్తుంది పెద్దమ్మా అన్నాను. గోరు గూడానా అంది. గోరు కూడా అన్నాను. నాకు నిజంగా తెలియదు. స్లైడును కిటికీ వెలుగుకు పట్టి చూసినప్పుడు ఆ చెయ్యి బియ్యపుగింజంత ఉండింది.

పరీక్షించే రోజు పట్టపగలే పెట్టుకున్నాం. సాయంత్రమైతే కరెంటు నమ్మకం లేదు. పుంగనూరులో షామియానాలు అద్దెకిచ్చే ఒకాయన ఉండేవాడు. మా సంఘం కాదు, తిరుమలకు ఏటా నడిచి పోయే మనిషి. కానీ మా సభలన్నిటికీ పందిరి ఆయనదే. మందపు గుడ్డలు తెచ్చి కిటికీలన్నీ మూసి, లోపల చీకటి చేశాడు. రెండు ప్రొజెక్టర్లను మందిరం నడుమ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టాను. సంఘ పెద్ద ప్రార్థన చేశాడు. రెండూ వెలిగించాను.

ఎడమ కొండలు వచ్చాయి, కుడి కొండలు వచ్చాయి. నడుమ కాపరి రెండుగా వచ్చాడు. తలలు కలిపితే కాళ్ళు విడిపోయేవి, కాళ్ళు కలిపితే భుజాలు విడిపోయేవి. బల్ల కింద ఇటుక ముక్క పెట్టాను, తీశాను. ఎంత తిప్పలు పడినా చివరికి ముఖం ఒక్కటయింది గాని చేతులు కలవలేదు. కర్ర పట్టిన చేతులు రెండు, గొర్రెపిల్ల మీద చేతులు రెండు.

షామియానా ఆయన వెనక నిలబడి చూస్తున్నాడు. ఎగతాళికి కాదు, చూసిందే అన్నాడు.

"ఏమప్పా, మీ సామికి గూడా నాలుగు సేతులు వచ్చిండాయే. ఇంగ శంఖు సక్రమే తక్కవ."

నాకు ఒళ్ళు మండింది. తర్వాత ఎన్నోసార్లు తలుచుకుని నవ్వుకున్నాను గాని ఆ క్షణం మండింది. సంఘ పెద్ద ముఖం నల్లబడింది. ఇది దేవుడు చూపిన గుర్తు అన్నాడు. ఆజ్ఞను దాటబోతే ఇలాగే అవుతుందన్నాడు. తెల్లగోడే ప్రభువు చిత్తం, ఇక చాలించమన్నాడు. ఒక స్లైడులో కాపరి వరకు నల్ల అట్ట అడ్డం పెడితే రెండోదాంట్లోని కాపరి ఒక్కడే మిగులుతాడని చెప్పి, అట్ట పెట్టి చూపించాను. అట్ట అంచు దగ్గర గోడ మీద నిలువునా నల్లగీత పడింది. దాన్ని జరిపితే తెల్లగీత అయ్యింది. అయినా ఆయనకు గీతతో పని లేదు. ప్రభువు ముఖానికి అట్ట అడ్డం పెట్టే పని ఈ మందిరంలో జరగదన్నాడు. నేను అట్ట తీసేశాను, చేతులు మళ్ళీ విడిపోయాయి. పెద్దమ్మ ఆడవాళ్ళ వైపు గోడకానుకుని కూచుని, గొర్రెపిల్ల మీది ఆ రెండు చేతుల వంక చూస్తూ ఉంది. ఏది తన మనిషిదో తేల్చుకోలేక చూస్తున్నట్టు నాకనిపించింది.

నేను వారం గడువు అడిగాను. పాస్టరుగారు ఇచ్చారు.

బయటికి వచ్చి పాత మందిరం నేల మీద కూచున్నాను. గోడలు పోయినా కడప బండలు పరిచిన నేల అలాగే ఉండింది, వరండాకు వాడుకోవచ్చని తీయలేదు. పెద్దమ్మ నా వెనకే వచ్చి, చీపురు లేకపోయినా అలవాటుగా కాలితో ఆకులు నెడుతూ, నూనె మరక ఉన్న ఒక బండ దగ్గర ఆగింది. అది ఆమె దీపం పెట్టే చోటు.

"ఆ పొద్దు ఈడనే గదా నీ మూడు కాళ్ళ స్టాండు పెట్టి నా దీపం తన్నేసినావు. ఆడోళ్ళ సాప మీదికి యాల వస్తివప్పా అని నేను తిడితిని. ముందు ఆ పక్క మొగోళ్ళ కాడ నిలబడి, మళ్ళా ఈ పక్కకి వస్తివి. నడాన నిలబడి తీసుకోరాదా అంటే, అది పాస్టరుగారి తావు అంటివి."

ఆమె నన్ను తిట్టిన సంగతి నాకు గుర్తే. మగవాళ్ళ వైపు నిలబడి ఎడమ ముక్క, ఆడవాళ్ళ వైపు నిలబడి కుడి ముక్క తీశాను. మందిరాల్లో మేము అలాగే కూచుంటాం, వాళ్ళు ఈ వైపు, వీళ్ళు ఆ వైపు. నడుమ ప్రభువు బల్ల. అక్కడ స్టాండు పెట్టేందుకు నాకే మనసొప్పలేదు. కెమెరా ఎక్కడెక్కడ నిలబడి ఆ గోడను చూసిందో, ప్రొజెక్టరు కూడా అక్కడే నిలబడి వెనక్కి విసరాలి. పక్క నుంచి చూసిన చూపును నడుమ నుంచి విసిరితే బొమ్మ వంకర పోదా? ఇది అప్పుడు తట్టింది. తట్టిందని నేను రాస్తున్నాను గాని, ఆ రోజు మోకాళ్ళ మీద ఉండి దేవునికి కృతజ్ఞత చెప్పాను.

తాడు తెచ్చి నూనె మరక నుంచి పాత గోడ పునాది వరకు కొలిచాను. ఇటు మగవాళ్ళ వైపు నుంచీ కొలిచాను. కొత్త గోడ ఎంత పెద్దదో అంత లెక్కన తాడు పెంచి, కొత్త మందిరంలో రెండు వైపులా రెండు బల్లలు వేశాను. బల్లల ఎత్తు మాత్రం పాత స్టాండు ఎత్తును తలుచుకుని పెట్టాను. రెండింటికీ బెంగళూరు నుంచి కొత్త బల్బులు తెప్పించాను, ఒకటి పసుపు, ఒకటి తెలుపు కాకుండా. వెలిగించగానే కలిసిపోయిందని చెప్పను. కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి జరిపాక, నాలుగు చేతులు రెండయ్యాయి.

చేతుల గొడవలో ముందు మేము పట్టించుకోని చిక్కు ఇప్పుడు బయటపడింది. రెండు వెలుగులూ నడుమ ఒకదాని మీద ఒకటి పడి, కాపరి చుట్టుపక్కల అంతా రెట్టింపు తెల్లబడింది. నిలువునా ఒక వెలుగు పట్టీ. దానికి అటూ ఇటూ కొండలు మసక. దాన్ని ఎలా తగ్గించాలా అని నేను చూస్తుంటే సంఘ పెద్ద లేచి నిలబడ్డాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. ఇది మహిమ, దేవుడే ఆ వెలుగు పెట్టాడన్నాడు. తెల్లగోడ కోరిన మనిషి, ఆజ్ఞ దాటొద్దన్న మనిషి, దీన్ని ఇలాగే ఉంచమన్నాడు. లోపం వల్ల వచ్చిన వెలుగని నాకు తెలుసు. అయినా ఒక విశ్వాసి కన్నీళ్ళ ఎదుట దాన్ని లోపం అనడానికి నోరాడలేదు.

పెద్దమ్మే అంది.

"మా ఆయన సెయ్యి ఇంత తెల్లగా ల్యాదు పెద్దాయనా. ఎండలో సున్నం కొట్టిన సెయ్యి అది. నరాలు కనపడల్యా, గోరు కనపడల్యా. ఇది ఎవురి సెయ్యో."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, ఆమె చెప్పినట్టు చెయ్యి తమ్ముడూ అని కూచున్నాడు.

తగ్గించేందుకు మసి పట్టిన గాజే దారి. గ్రహణం చూసేందుకు గాజుకు మసి పట్టించడం మాకందరికీ అలవాటే. కిరసనాయిలు దీపం మీద పట్టిస్తే మసి పొరలు పొరలుగా రాలిపోయింది. పెద్దమ్మ ఆముదం దీపం పెట్టింది, కాటుక పట్టే పద్ధతిలో. గాజును ఆమె పట్టుకుంటే నేను చెప్పేవాణ్ణి, ఈ అంచున చిక్కగా, పోను పోను పలచగా, ఇక్కడికి వచ్చేసరికి ఏమీ లేకుండా అని. ఒక గాజు చిక్కదనం ఎడమకైతే, రెండోదాని చిక్కదనం కుడికి. వాటిని లెన్సుల ముందు నిలబెట్టాం. ఎడమ వెలుగు కాపరి మీదుగా పోతూ కొంచెం కొంచెంగా తగ్గిపోవాలి. కుడి వెలుగు అటు నుంచి వస్తూ అదే చోట తగ్గాలి. ఒకటి ఎంత తగ్గితే రెండోది అంత ఉండాలి. ఎన్ని గాజులు పాడుచేశామో. ఆమె వేళ్ళన్నీ నలుపు, నా చొక్కా నలుపు. తగ్గించుకోవడం గురించి నేను ఎన్ని ప్రసంగాలు విన్నానో, కొన్ని నేనే చెప్పాను కూడా. అది ఎంత కష్టమైన పనో ఆ గాజుల దగ్గరే తెలిసింది. ఒక వెలుగు తన వంతు తగ్గకపోతే, రెండోది ఎంత తగ్గినా పట్టీ పోదు.

చాలా ఏళ్ళకు, రెండువేల తర్వాత, కుప్పంలో ఒక కాలేజీ సభామందిరంలో రెండు కొత్త ప్రొజెక్టర్లను కలిపి ఒకే పెద్ద బొమ్మ చూపించడం చూశాను. ఆ పని కంప్యూటరే చేస్తోంది. నడిపే కుర్రాడు మౌసు కదిపితే అంచులు కరిగిపోయాయి. మేము ఆముదం మసితో చేశామంటే మర్యాదగా నవ్వి, అతుకు ఎప్పుడూ ఖాళీ జాగాలో పెట్టుకోవాల సార్, మనిషి మీద పెట్టకూడదు అని నాకు నేర్పాడు. అవునన్నాను.

ప్రతిష్ఠ ఆరాధన నాటి సాయంత్రానికి మందిరం నిండిపోయింది. వెనక బయట షామియానా ఆయన తన వాళ్ళతో నిలబడి ఉన్నాడు. పలమనేరు నుంచి వచ్చిన పెయింటరు బొగ్గుముక్కలు, నిచ్చెన పెట్టుకుని గోడ పక్కన కూచున్నాడు. అంతకు ముందు రోజు చిన్న పరీక్షలో ఒక సంగతి కనిపెట్టాను. బొమ్మ సరిగ్గా కలిపి పెట్టి, బల్బులు ఆర్పకుండానే ప్రార్థనకు కళ్ళు మూసుకున్నాం. సంఘ పెద్ద ప్రార్థన చిన్నది కాదు. కళ్ళు తెరిస్తే బొమ్మ మసకబారి, చేతులు మళ్ళీ విడిపోయి ఉన్నాయి. బల్బు వేడికి స్లైడు ఫిల్ము ఉబ్బిపోయిందన్న మాట. అందుకని ఈ సాయంత్రం ప్రార్థనకు ముందే బల్బులు వెలిగించి, లెన్సులకు గుడ్డ కప్పాను. ఆయన మనసారా ప్రార్థించినంతసేపూ స్లైడులు ఉబ్బేదంతా ఉబ్బాయి. ఆమేన్ అన్నాక గుడ్డలు తీసి, లెన్సులు తిప్పి సర్దాను. నా జీవితంలో ఒక ప్రార్థన ఇంకా కొంచెం సాగితే బాగుండునని కోరుకున్నది అప్పుడే.

బొమ్మ వచ్చింది.

కొండలు ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా తెగకుండా సాగాయి. ఎర్రగొర్రెలు వచ్చాయి. కంబళి కప్పుకుని కాపరి నిలబడ్డాడు, ఒక్కడే, రెండు చేతులతో. అతుకు ఎక్కడని చూశాను. ఉంది, కంబళి మడత నీడలో కొంచెం బూడిదరంగు తేలుతోంది. నాకు తప్ప ఎవరికీ తెలియలేదు. ముసలివాళ్ళు ఒకరిద్దరు మెల్లగా స్తోత్రం అన్నారు. వెనక నుంచి షామియానా ఆయన గొంతు వినబడింది, ఇప్పుడు సరిపోయింది అని.

పెద్దమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి లేచింది. ఎవరినీ అడగలేదు. గోడ దగ్గరికి నడిచి, చెయ్యి చాచింది.

ఎవరైనా వెలుగుకు అడ్డం పోతే ఏమవుతుందో పల్లెల్లో బొమ్మలు చూపించిన నాకు తెలుసు. మనిషి నీడ పడి బొమ్మ చచ్చిపోతుంది. ముట్టుకోబోయిన దాన్నే మన నీడ తినేస్తుంది. వద్దు పెద్దమ్మా అనబోయాను. కానీ వెలుగు ఇక్కడ ఒక్క చోటి నుంచి రావడం లేదు. మగవాళ్ళ వైపు నుంచి వచ్చిన వెలుగు ఆమె నీడను కుడికి తోసింది, ఆడవాళ్ళ వైపుది ఎడమకు తోసింది. రెండు పలచని నీడలు అటొకటి ఇటొకటి నిలబడ్డాయి. నడుమ ఆ చెయ్యి పోలేదు. కాపరి రెండు ఫోటోల్లోనూ ఉన్నాడు కాబట్టి పోలేదు. ఆమె వేళ్ళు దాన్ని తాకే చోట, ఆమె చేతి వెనక భాగం మీదికి ఆయన చేతి రంగు, నరాలు వచ్చి పడ్డాయి. చిట్లిన గోరు ఆమె మణికట్టు దగ్గర కనబడింది.

సంఘ పెద్ద లేచి పెయింటరుకు సైగ చేశాడు, ఇక మొదలుపెట్టమని. తెల్లగోడ కావాలన్న మాట ఆయన అప్పటికే విడిచిపెట్టాడు. నేను విడవలేదు గాని, ఆ నిమిషంలో అడ్డం చెప్పాలని నాకనిపించలేదు. పెయింటరు నిచ్చెన ఎత్తుకుని, బొగ్గు తీసుకుని కాపరి దగ్గరికి వచ్చాడు.

పెద్దమ్మ చెయ్యి తీయకుండానే తల తిప్పింది.

"వద్దు లేప్పా. నువ్వు గీస్తే అది నీ సెయ్యి అవుతాది. బాగానే గీస్తావు, నేను కాదన్ను. మా ఆయనది కాదు గదా."

సంఘ పెద్ద నిలబడిపోయాడు. నువ్వే కదమ్మా గోడ మీద వేయించమని అడిగింది అన్నాడు.

"అడిగినాను. అప్పుడు ఇది సూళ్ళేదు గదా పెద్దాయనా."

"దీపం ఆరిపితే ఇది పోతాదమ్మా."

"పోనీండి. ఆయనే పోయినాడు. ఏటికి ఒకసారి ఎలిగిస్తే నేను కుప్పం నుంచి వస్తాను. ఇంగ ఆ గోడ తెల్లగానే ఉండనీండి."

నేను కోరిన తెల్లగోడే నాకు దక్కింది. ఆజ్ఞ కూడా నిలబడింది. దాన్ని నా చేత కాకుండా ఆమె చేత నిలబెట్టించిన దేవుని సంగతి తలుచుకుంటే ఈనాటికీ తల వంచుకుంటాను. ఆ తర్వాత ఏడాదికొకసారి, ఆ ప్రతిష్ఠ రోజున, రెండు బల్లలు వేసి రెండు గాజులకు కొత్త మసి పట్టించేవాళ్ళం. ఆమె బస్సు దిగి నేరుగా ఆముదం సీసాతో వచ్చేది.

ఆ సాయంత్రం జనం వెళ్ళిపోతుంటే నేను మగవాళ్ళ వైపు ప్రొజెక్టరు ముందు ఆర్పాను. ఎడమ కొండలు, ఆ వైపు గొర్రెలు పోయాయి. కాపరి పోలేదు. సగం వెలుగులో, మసకగా, రెండో ఫోటోలో నిలబడే ఉన్నాడు. పెద్దమ్మ కూడా అక్కడే ఉంది. రెండో దాని మీటకు చెయ్యి పోలేదు నాకు.

ఆమె వెనక్కి తిరిగి, కొంగుతో వేళ్ళ మసి తుడుచుకుంటూ అంది, "ఆర్పు నాయనా. గాజు యేడెక్కుతాది. బయట అన్నాలు పెడతాండారు."